అన్నీ దగ్గరే, నడిచే దారే లేదు: కాలనీ వీధులకూ మనసుకూ ఉన్న సంబంధం ఎంత?

2025 మే 14న సుప్రీంకోర్టు ఒక సంగతి తేల్చి చెప్పింది. అడ్డంకుల్లేని ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు, రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనంది. అదే ఏడాది అక్టోబరులో ఇంకాస్త ముందుకెళ్లి, పాదచారుల భద్రతకు నిబంధనలు రాయమని రాష్ట్రాలకు గడువు పెట్టింది. పెద్ద నగరాల్లో ఫుట్‌పాత్‌లను ఆడిట్ చేయమంది. ఈ చర్చంతా ప్రమాదాల చుట్టూ నడవడం సహజమే. 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో దాదాపు ఐదో వంతు మంది నడిచి వెళ్తున్నవాళ్లే.

దీనితోపాటే ఇంకో మాట కూడా ఈ మధ్య తరచుగా వినిపిస్తోంది. నడవడానికి వీలున్న చోట ఉంటే టెన్షన్ తగ్గుతుందని, డిప్రెషన్ దరిచేరదని అంటున్నారు. అపార్ట్‌మెంట్ల ప్రకటనల్లోనూ ఇదే మాట. ఇందులో నిజం ఎంత? మనసుకు మేలు చేసేది నడకా, దారా, చెట్లా, దారిలో కనిపించే మనుషులా? ఈ నాలుగింటినీ కలిపేసి మాట్లాడటం వల్లే గందరగోళమంతా. విడదీసి చూస్తే ఒక్కోదాని బలం ఒక్కోలా ఉంది.

వాకబిలిటీని ఎలా కొలుస్తారు?

ఇంటి నుంచి రోజువారీ పనులకు నడిచి వెళ్లిరావడం ఎంత తేలికో చెప్పేదే వాకబిలిటీ. దీన్ని కొలిచే పద్ధతులు ఎక్కువగా అమెరికాలో పుట్టాయి. పరిశోధకులు ముఖ్యంగా చూసేవి మూడు: ఆ ప్రాంతంలో ఇళ్లు ఎంత దగ్గర దగ్గరగా ఉన్నాయి, ఇళ్లూ కొట్లూ బళ్లూ ఎంతగా కలిసి ఉన్నాయి, వీధులు ఎన్నిచోట్ల ఒకదాన్నొకటి కలుసుకుంటున్నాయి. 2007లో మొదలైన వాక్ స్కోర్ అనే సైటు ఇదే ఆలోచనతో ప్రతి చిరునామాకూ వందకు ఇన్ని మార్కులని ఇస్తుంది. ఐదు నిమిషాల నడకలో కిరాణా కొట్టు ఉంటే దానికి పూర్తి మార్కులు. అరగంట దాటితే సున్నా.

ఈ లెక్కలో మన ఊళ్లకు తిరుగుండదు. హైదరాబాద్ పాతబస్తీ, విజయవాడ వన్‌టౌన్, చిక్కడపల్లి, ఏదైనా తీసుకోండి. కింద కొట్టు, పైన ఇల్లు, సందు చివర గుడి, పక్క గల్లీలో మందుల షాపు. పాల ప్యాకెట్ కోసం కారు తీయాల్సిన అమెరికా శివారుతో పోలిస్తే మనకు నూటికి తొంభై మార్కులు రావాలి.

కానీ ఆ వీధుల్లో నడిచేవాళ్లను అడిగితే వేరే సంగతి చెప్తారు. ఎందుకంటే ఆ లెక్క గమ్యం ఎంత దూరమో చూస్తుంది తప్ప దారి ఎలా ఉందో చూడదు. ఫుట్‌పాత్ ఉండటం మామూలే అనుకున్న దేశంలో తయారైన కొలత అది. అందుకే కొందరు పరిశోధకులు అంతర్జాతీయంగా వాడే వాకబిలిటీ ప్రశ్నాపత్రాన్ని మన పరిస్థితులకు తగ్గట్టు మార్చి, చెన్నైలో వాడి చూశారు. ఈ విషయం మీద ఏది చదివినా ముందు అడగాల్సింది ఇదేనని నా ఉద్దేశం: ఇక్కడ కొలిచింది దూరాన్నా, దారినా?

ఆరువందల మీటర్ల దారి

ఒక ఉదాహరణ చూద్దాం. కాలనీలో ఉండే అరవై ఎనిమిదేళ్ల పెద్దావిడ. రైతు బజారు ఆరువందల మీటర్లు. మామూలు నడకకు ఎనిమిది నిమిషాలు, ఆమెకు పన్నెండు. మ్యాపులో చూస్తే చాలా దగ్గర.

గేటు దాటగానే ఫుట్‌పాత్ ఉంది, కానీ అడుగున్నర ఎత్తులో. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు, అంటే ఆరంగుళాలు దాటకూడదు. మోకాళ్ల నొప్పులున్న మనిషి అడుగున్నర ఎక్కలేదు. ఎక్కినా నాలుగు ఇళ్లు దాటేసరికి ఎవరో కారు సెల్లార్‌లోకి దించడానికి కట్టుకున్న ర్యాంపు వస్తుంది, అక్కడ దిగాలి. మళ్లీ ఎక్కితే ట్రాన్స్‌ఫార్మర్. దాని చుట్టూ ఇనుప కంచె ఫుట్‌పాత్ మొత్తాన్నీ మింగేసింది. నడిచే మేర 1.8 మీటర్ల వెడల్పున, 2.2 మీటర్ల ఎత్తు దాకా ఏ అడ్డూ ఉండకూడదని ఆ ప్రమాణాల్లోనే ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ దాటాక టిఫిన్ సెంటర్ ముందు వరసగా బైకులు. ఇక ఆవిడ ఫుట్‌పాత్ వదిలేసి రోడ్డు వారనే నడుస్తుంది, వెనక నుంచి వచ్చే ప్రతి హారన్‌కూ ఉలిక్కిపడుతూ.

చివరికి మెయిన్ రోడ్డు. వెడల్పు 21 మీటర్లు. సిగ్నల్ దగ్గర పాదచారులకు ఇచ్చే సమయాన్ని సాధారణంగా సెకనుకు 1.2 మీటర్ల నడకతో లెక్కగడతారు. అంటే పదిహేడున్నర సెకన్లు. ఆవిడ నడక సెకనుకు 0.8 మీటర్లనుకుందాం. పదిహేడున్నర సెకన్లలో 14 మీటర్లు దాటుతుంది. మిగిలిన ఏడు మీటర్లు బండ్లు కదిలాక, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దాటాలి. డివైడర్ దగ్గర ఆగి నిలబడే చోటైనా ఉంటే కొంత నయం.

రెండుసార్లు ఇలా జరిగాక ఆవిడ బజారుకు వెళ్లడం మానేస్తుంది. కూరగాయలు కోడలు యాప్‌లో తెప్పిస్తుంది. ఇంట్లో ఎవరికీ ఇదొక నష్టంలా అనిపించదు. కానీ బజారులో పలకరించే కూరలమ్మి, దారిలో ఎదురయ్యే పాత పక్కింటావిడ, గుడి ముందు ఐదు నిమిషాల కబుర్లు, ఒకరిమీద ఆధారపడకుండా తన పని తాను చేసుకున్నానన్న ధీమా, అన్నీ ఒకేసారి పోయాయి. దారి చెడితే మనసు మీద పడే దెబ్బ ఎక్కువగా ఇలా చప్పుడు లేకుండానే పడుతుంది.

మనసుకు చేరే దారులు

ఒంటి కదలిక సంగతి అందరికీ తెలిసిందే, దాని ఆధారాలూ గట్టివే. ఏళ్ల తరబడి మనుషుల్ని గమనించిన 15 అధ్యయనాలను, లక్షా తొంభై వేల మందికి పైగా సమాచారాన్ని కలిపి 2022లో విశ్లేషించారు. వారానికి రెండున్నర గంటల చురుకైన నడకకు సమానమైన వ్యాయామం చేసేవాళ్లకు, అసలేమీ చేయనివాళ్ల కన్నా డిప్రెషన్ వచ్చే అవకాశం 25 శాతం తక్కువని తేలింది. అందులో సగం చేసినా 18 శాతం తక్కువ. కొంచెం నడిచినా పెద్ద లాభమే అన్నది ఇక్కడ గమనించాల్సిన సంగతి. జిమ్‌కు వెళ్లనివాళ్లు కూడా కొట్టుకూ బస్టాపుకూ నడిచి ఆ కొంచెం పూర్తి చేయగలరు.

ఎక్కడ నడిచామన్నదీ ముఖ్యమే. 2015లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 38 మందిని రెండు జట్లు చేసి గంటన్నర నడిపించారు. ఒక జట్టు చెట్లూ గడ్డీ ఉన్న చోట, రెండోది రద్దీ రోడ్డు వెంట. నడక అంతే, సమయమూ అంతే. చెట్ల మధ్య నడిచినవాళ్లలో, జరిగిపోయిన చెడ్డ సంగతుల్నే పదేపదే తలచుకుని కుమిలిపోవడం తగ్గింది. మెదడులో ఆ రకం ఆలోచనలతో ముడిపడిన భాగంలోనూ చురుకుదనం తగ్గింది. రోడ్డు వెంట నడిచినవాళ్లలో ఆ మార్పు రాలేదు. దీనికి రేచల్, స్టీఫెన్ కాప్లాన్ దంపతులు చాలా ముందే ఒక వివరణ ఇచ్చారు. పట్టుబట్టి దృష్టి నిలపడానికి మనసు ఎంతో కష్టపడుతుంది, అలసిపోతుంది. ఆకుల కదలిక, నీళ్లు, పక్షులు మన దృష్టిని బలవంతం లేకుండా పట్టుకుంటాయి కాబట్టి ఆ అలసట తీరుతుంది. వెనక ఆర్టీసీ బస్సు వస్తోందా, ముందు మ్యాన్‌హోల్ మూత ఉందా అని క్షణక్షణం చూసుకుంటూ నడిచేవాడికి ఆ విశ్రాంతి దొరకదు. మనసు బాగోలేదని అలా తిరిగొద్దామని బయటికెళ్లినవాళ్లు మరింత చిరాకుతో తిరిగి రావడం మన నగరాల్లో మామూలే.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది మనుషుల సంగతి. 1960ల చివర డోనాల్డ్ ఆపిల్‌యార్డ్ అనే పరిశోధకుడు శాన్‌ఫ్రాన్సిస్కోలో మూడు వీధుల్ని ఎంచుకున్నాడు. మూడూ చూడటానికి ఒకేలా ఉంటాయి. తేడా బండ్ల రద్దీలో. మొదటి వీధిలో రోజుకు సుమారు 2,000 బండ్లు, రెండో దాంట్లో 8,000, మూడో దాంట్లో 16,000. రద్దీ తక్కువున్న వీధిలో ఒక్కో మనిషికి ఆ వీధిలోనే సగటున ముగ్గురు స్నేహితులు, ఆరుగురికి పైగా పరిచయస్తులు. రద్దీ ఎక్కువున్న వీధిలో స్నేహితుల సగటు ఒక్కరు కూడా లేదు, 0.9. పరిచయస్తులు ముగ్గురు. మీ వీధిలో మీదనిపించే చోటును గీసి చూపించమంటే, మొదటి వీధివాళ్లు వీధి మొత్తాన్నీ గీశారు. మూడో వీధివాళ్లు తమ ఇంటి గుమ్మం దాకా గీసి ఆపేశారు. పిల్లలు వీధిలో ఆడుకునే, పెద్దలు అరుగుల మీద కూర్చునే రోజుల్ని చూసినవాళ్లకు ఈ లెక్క కళ్లకు కట్టినట్టు ఉంటుంది. మన కాలనీల్లోనూ సందు కాస్తా బైపాస్ కాగానే అరుగు మీద మనుషులు లోపలికి వెళ్లిపోయారు. ఆపిల్‌యార్డ్ 1982లో ఏథెన్స్‌లో, అతివేగంగా వచ్చిన కారు కింద పడి చనిపోయాడు.

పరిచయాలంటే ప్రాణస్నేహాలే కానక్కర్లేదు. ఇస్త్రీ బండి అతను, పూలమ్మే ఆవిడ, వాచ్‌మన్‌తో రెండు ముక్కలు మాట్లాడినా చాలు. ఇలాంటి పైపై పరిచయాల పలకరింపులు ఎక్కువున్న రోజున మనుషులు ఎక్కువ సంతోషంగా ఉంటారని 2014లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. అవి ఫోన్‌లో పుట్టవు. కాలినడకన వెళ్తేనే పుడతాయి.

కారణమా, యాదృచ్ఛికమా?

నడక ఇష్టమున్నవాళ్లే వెతుక్కుని మరీ నడవడానికి వీలున్న చోట ఇల్లు తీసుకుంటే? అప్పుడు వాళ్లు హాయిగా ఉండటంలో వీధి గొప్పతనమేమీ లేదు. అలాంటి చోట ఇళ్ల ధరలూ ఎక్కువే, డబ్బుంటే దిగుళ్లు కొన్ని తగ్గుతాయి కూడా. ఒకే సమయంలో తీసిన లెక్కలతో ఈ చిక్కు తేలదు.

ఇల్లు మారినవాళ్లను గమనిస్తే కొంత తేలుతుంది. 2025లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం ఫోన్లు లెక్కపెట్టిన అడుగుల సాయంతో, అమెరికాలో ఊరు మారిన 5,000 మందికి పైగా మనుషుల్ని పరిశీలించింది. నడక వసతి తక్కువున్న ఊరి నుంచి ఎక్కువున్న ఊరికి వెళ్లినవాళ్లు రోజుకు సుమారు 1,100 అడుగులు ఎక్కువ నడిచారు. మనిషి అదే, మారింది ఊరు. అంటే ఊరు మనిషిని నడిపిస్తుందన్నది నిజమే. అయితే ఇది కొలిచింది అడుగుల్ని, మనసుని కాదు.

మనసుని కొలిచిన గట్టి పరీక్ష ఒకటి ఫిలడెల్ఫియాలో జరిగింది. చెత్తతో నిండిన 541 ఖాళీ స్థలాల్ని లాటరీ పద్ధతిలో మూడు రకాలుగా విడదీశారు. కొన్నిటిని శుభ్రం చేసి గడ్డీ మొక్కలూ వేశారు, కొన్నిటిలో చెత్త మాత్రం తీశారు, మిగతావాటిని అలాగే వదిలేశారు. ఏమీ చేయని చోట్లతో పోలిస్తే, పచ్చదనం వచ్చిన స్థలాల దగ్గర ఉండేవాళ్లలో దిగులుగా ఉందని చెప్పేవాళ్లు 41.5 శాతం తగ్గారు. ఉత్తినే చెత్త తీసిన చోట అంత చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. 2018లో ఈ ఫలితాలు వచ్చాయి. లాటరీ వేశారు కాబట్టి, పచ్చదనం ఇష్టమున్నవాళ్లే అక్కడికి వచ్చి చేరారనే అభ్యంతరం ఇక్కడ నిలవదు.

దీనికి ఎదురు నిలిచే ఫలితాలూ ఉన్నాయి. సియాటిల్ ప్రాంతంలోని వృద్ధుల మీద 2007లో వచ్చిన అధ్యయనంలో, నడక వసతి ఉన్నచోట డిప్రెషన్ లక్షణాలు మగవాళ్లలోనే తక్కువగా కనిపించాయి, ఆడవాళ్లలో ఆ తేడా లేదు. ఇంకొన్ని చోట్ల వాకబిలిటీ మార్కులు ఎక్కువున్న పేద పేటల్లో దిగులు కాస్త ఎక్కువే కనిపించింది. ఇళ్లు కిక్కిరిసి, అన్నీ దగ్గరున్న పేటకు మార్కులు బాగానే వస్తాయి. అక్కడి అద్దెలు, అప్పులు, గొడవలు ఆ మార్కుల్లో కనిపించవు.

తప్పక నడిచేవాళ్లు

2011 జనాభా లెక్కల ప్రకారం వ్యవసాయం, ఇంటి పరిశ్రమలు కాక మిగతా పనులు చేసేవాళ్లలో ఐదో వంతుకు పైగా నడుచుకుంటూనే పనికి వెళ్తున్నారు. ఇళ్లలో పనిచేసే ఆవిడ, మేస్త్రీ దగ్గర కూలీ, తోపుడు బండి తోసేవాళ్లు. వీళ్ల నడక వీళ్లు ఎంచుకున్నది కాదు. బస్సు లేకనో, ఆటో డబ్బులు లేకనో నడుస్తారు. మరి వీళ్ల మనసు అందరికన్నా హాయిగా ఉండాలి కదా?

ఒంటి శ్రమకూ మనసుకూ ఉన్న సంబంధం మీద వచ్చిన అధ్యయనాల్ని 2017లో కలిపి చూసినప్పుడు, ఖాళీ సమయంలో ఇష్టంగా చేసే శ్రమకు మానసిక ఆరోగ్యంతో మంచి సంబంధం కనిపించింది. ఉద్యోగంలో భాగంగా చేసే శ్రమకు అలా కనిపించలేదు. ఒంట్లో ఖర్చయ్యే శక్తి ఒకటే అయినా, నా ఇష్టంతో చేస్తున్నాననే భావన ఉందా లేదా అన్నది ఫలితాన్ని మార్చేస్తోంది. కాబట్టి నడవడం మంచిదేగా అంటూ బస్సులు తగ్గించడాన్ని సమర్థించే మాట చెల్లదు. నడకా బస్సూ రెండూ అందుబాటులో ఉన్నప్పుడే నడక ఇష్టం అవుతుంది.

ఆడవాళ్ల విషయంలో ఈ తేడా మరీ స్పష్టం. ఏడు లక్షల మందికి పైగా ఫోన్ సమాచారంతో 2017లో వచ్చిన పరిశోధనలో, అమెరికాలో నడక వసతి తక్కువున్న నగరాల్లో ఆడవాళ్ల అడుగులు మగవాళ్ల కన్నా బాగా తగ్గాయి. మన దగ్గర దీపం లేని సందు, వైన్ షాపు ముందు గుంపు చాలు, సాయంత్రం ఏడు దాటాక ఒక వీధి ఆడవాళ్లకు మూతపడటానికి. మ్యాపులో ఆ వీధి ఇరవై నాలుగు గంటలూ తెరిచే ఉంటుంది.

ఫుట్‌పాత్ ఉండి, వెళ్లే చోటు లేనప్పుడు

దీనికి సరిగ్గా తిరగేసిన పరిస్థితి మనవాళ్లకు బాగా తెలుసు. డాలస్ శివార్లలో, ఫ్రిస్కో లాంటి ఊళ్లలో పిల్లల దగ్గరకు ఆరు నెలలకని వెళ్లిన తల్లిదండ్రులు. కాలనీ లోపల చక్కని కాలిబాట, పచ్చిక, ఒక్క హారన్ వినబడదు. కానీ కొట్టుకు వెళ్లాలన్నా గుడికి వెళ్లాలన్నా కొడుకో కోడలో కారు తీయాలి. ఎంత దూరం నడిచినా పలకరించే మనిషి ఎదురుపడడు. రెండో నెలకే ఇంటి మీద బెంగ మొదలవుతుంది. చెట్లున్నాయి, నడకా ఉంది. లేనివి మనుషులూ, తన పని తాను చేసుకునే వీలూ.

కోకాపేట, నానక్‌రామ్‌గూడ వైపు గేటెడ్ కమ్యూనిటీల్లోనూ కొంత ఇదే కథ. లోపల వాకింగ్ ట్రాక్ బాగుంటుంది. పిల్లలకు, వృద్ధులకు నిజంగానే భద్రత. అది తక్కువ లాభమేమీ కాదు. గేటు దాటితే మాత్రం బస్టాపు దాకా నడిచే దారి ఉండదు. కేబీఆర్ పార్కు చుట్టూ పొద్దున్నే నిలిచే కార్ల వరస కూడా ఇదే చెప్తుంది. నడవడానికి బండెక్కి రావలసి వస్తోంది.

ఫుట్‌పాత్ ఎవరిది, రోడ్డు ఎవరు దాటాలి?

ఇక్కడ నిజాయితీగల వాదనలే ఎదురెదురుగా ఉన్నాయి. చిరువ్యాపారులు అడ్డమని కొందరు, వాళ్లే వీధికి ప్రాణమని కొందరు. బండి మీద మిరపకాయ బజ్జీలు వేసే మనిషి రాత్రి తొమ్మిదింటి దాకా ఉండబట్టే ఆ వీధిలో ఒంటరిగా నడవడానికి ఆడపిల్లకు ధైర్యం. అదే బండి దారి మొత్తం ఆక్రమిస్తే చక్రాల కుర్చీకి చోటు లేదు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం టౌన్ వెండింగ్ కమిటీల ద్వారా ఎవరి చోటు ఎక్కడో తేల్చమంది. వెడల్పైన ఫుట్‌పాత్ ఉంటే ఇద్దరికీ సరిపోతుంది. ఆ వెడల్పు రావాలంటే పార్కింగ్ నుంచో, బండ్ల లేన్ నుంచో తీసుకోవాలి. అసలు పోరు అక్కడ.

ఉప్పల్ కూడలిలో 2023 జూన్‌లో 660 మీటర్ల స్కైవాక్ తెరిచారు. లిఫ్టులున్నాయి, మెట్రో స్టేషన్‌తో కలిపారు. ఆ కూడలిని కింద నుంచి దాటడం ఎంత ప్రమాదమో తెలిసినవాళ్లు దాన్ని మెచ్చుకుంటారు. బండ్లు నేల మీద సూటిగా పోవడానికి మనుషుల్ని పైకి ఎక్కించడం ఏమిటన్నది రెండో వాదన. పెద్ద కూడళ్ల దగ్గర మొదటి వాదనకు బలం ఉంది. కాలనీ రోడ్ల దగ్గర మాత్రం రెండోదే సరైనదని నేననుకుంటాను, ఎందుకంటే పాల ప్యాకెట్ కోసం ఎవరూ మెట్లెక్కి దిగరు.

అసలు చోటు లేదనే వాదనకు జవాబు మన చుట్టుపక్కలే ఉంది. చెన్నై కార్పొరేషన్ 2014లోనే నడకకూ సైకిలుకూ ప్రాధాన్యమిచ్చే విధానం చేసుకుంది. 2019లో పాండీబజార్ రోడ్డు మీద వెడల్పాటి కాలిబాటలు తెరిచింది. విశాఖ బీచ్ రోడ్డులో తెల్లవారుజామున వాహనాలు ఆపేస్తారు. 2021లో ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రాలు మనుషులకు వదిలినప్పుడు వచ్చిన జనం, అలాంటి చోటు కోసం నగరం ఎంత ఎదురుచూస్తోందో చూపించింది. ఇవన్నీ వెళ్లి చూసే చోట్లు. ఇంటి ముందు వీధి మాత్రం ఎలా ఉన్నదో అలాగే ఉంది.

ఆడిట్‌లో ఏం లెక్కపెట్టాలి

మనసుకు సంబంధించి ఇప్పటిదాకా చెప్పుకున్న ఆధారాల్లో ఎక్కువ భాగం అమెరికావి. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ చేసిన 2015–16 జాతీయ సర్వేలో పెద్ద నగరాల్లో మానసిక సమస్యలున్నవాళ్ల శాతం పల్లెల్లో కన్నా దాదాపు రెట్టింపు ఉంది. అందులో వీధి వాటా ఎంత, ఒంటరితనం, ఉద్యోగం, అప్పుల వాటా ఎంత అన్నది ఆ లెక్కతో తేలదు. డిప్రెషన్‌తో బాధపడుతున్న మనిషికి డాక్టరు అవసరం. ఫుట్‌పాత్ ఆ చికిత్సకు బదులు కాదు.

కానీ వీధి వాటాను ఇక్కడే తేల్చుకునే అవకాశం, సుప్రీంకోర్టు చేయమన్న ఫుట్‌పాత్ ఆడిట్ల రూపంలో వచ్చింది. మునిసిపాలిటీకి అన్ని వార్డుల్లోనూ ఒకేసారి పని చేయడం కుదరదు. ముందు ఏ వార్డులు, తర్వాత ఏవి అన్నది లాటరీ వేసి తేల్చితే ఫిలడెల్ఫియా పరీక్ష మన దగ్గరా జరిగినట్టే. డిప్రెషన్ లక్షణాలు తెలుసుకోవడానికి డాక్టర్లు వాడే తొమ్మిది ప్రశ్నల పత్రం ఒకటి ఉంది. దాన్ని పనికి ముందు ఒకసారి, ఏడాది తర్వాత ఒకసారి రెండు రకాల వార్డుల్లోనూ అడగొచ్చు. ఫుట్‌పాత్ వెడల్పూ అంచు ఎత్తూ టేపుతో కొలిచే బృందం, ఇంకో లెక్క కూడా రాసుకోవచ్చు: సాయంత్రం ఏడింటికి ఆ వీధిలో నడుస్తున్నవాళ్లలో అరవై దాటిన ఆడవాళ్లు ఎంతమంది, వాళ్లలో ఎంతమంది ఒంటరిగా బయటికి వచ్చారు, ఎంతమంది ఎవరితోనైనా ఆగి మాట్లాడారు.